నాలుగు గుర్రాల బండి

అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు పెద్ద సరుకంతా లారీల్లో, ట్రాక్టర్లలో, వ్యాన్లలో వస్తుంది, పోతుంది. అది అందరికీ కనిపించే రవాణా. చుట్టుపక్కల ఊళ్ల రోజువారీ బతుకు మాత్రం ఇంకో రకం బండి మీద నడుస్తుంది. కశింకోట రోడ్డో, మునగపాక రోడ్డో, చోడవరం రోడ్డో, ఏదో ఒకదాని పక్కన పొద్దున్నే కాసేపు నిలబడితే చాలు. రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడేసుకుని ఒకటి, వెనక సీటు తీసేసి గడ్డిమోపు అడ్డంగా కట్టుకుని ఇంకొకటి, పూడిమడక వైపు నుంచి చేపల టబ్బుతో మరొకటి, కాళ్ల ముందు ఎరువు బస్తా నిలబెట్టుకుని వేరొకటి వెళ్తుంటాయి. అన్నీ ఒకే జాతి. కంపెనీ దానికి పెట్టిన పేరు టీవీఎస్ ఎక్సెల్ 100. జనం నోట్లో అది ఎక్సెల్. కాస్త పెద్దవయసు వాళ్లకి ఇప్పటికీ టీవీఎస్ ఫిఫ్టీయే.

దీని కొలతలు చూడండి. ఇంజను 99.7 సీసీ. గరిష్ఠ శక్తి 3.2 కిలోవాట్లు, అంటే నాలుగు గుర్రాల పైచిలుకు. బండి బరువు 86 కిలోలు. మోయగలదని కంపెనీ చెప్పే బరువు, నడిపే మనిషితో కలిపి, 130 కిలోలు. అంటే తన బరువుకు ఒకటిన్నర రెట్లు. తన బరువుకంటే ఎక్కువ మోసే పని సైకిలు చేస్తుంది, లారీ చేస్తుంది. కారు చెయ్యదు. తొమ్మిది వందల కిలోల చిన్న కారు అయిదుగురిని ఎక్కించుకుంటే నిండిపోతుంది, ఆ అయిదుగురి బరువు దాని బరువులో సగం కూడా ఉండదు. ఖర్చుపెట్టిన ప్రతి కిలో ఇనుముకూ ఎంత పని జరుగుతోందని అడిగితే, ఈ బండి ముందు ఖరీదైన వాహనాలు చాలావరకు తలవంచాల్సిందే. ఈ బండంటే నాకున్న గౌరవం అక్కడే మొదలవుతుంది.

నాలుగు గుర్రాలు ఎలా సరిపోతాయి?

బండి ముందుకు కదలాలంటే ముఖ్యంగా మూడింటిని జయించాలి. టైరు నేలమీద దొర్లేటప్పుడు పుట్టే నిరోధం ఒకటి, ఎదురుగాలి రెండోది, ఎత్తు మూడోది. నిండు బరువుతో ఎక్సెల్ 216 కిలోలు ఉంటుంది. అంతంతమాత్రం రోడ్డు మీద దొర్లుడు నిరోధం బరువులో నూటికి రెండు వంతులనుకుంటే, అది సుమారు 42 న్యూటన్లు. నాలుగు కిలోల వస్తువును ఎత్తి పట్టుకోవడానికి కావలసినంత బలం, అంతే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధం మరో 44 న్యూటన్లు. రెండూ కలిపి వేగంతో గుణిస్తే కిలోవాటుకు కాస్త తక్కువే వస్తుంది. అంటే సమతలం రోడ్డు మీద నిండు బస్తాతో నలభైలో పోవడానికి గుర్రమున్నర శక్తి కూడా అక్కర్లేదు.

వేగం పెంచినకొద్దీ కథ మారుతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని జయించడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే ఎనిమిదింతలు. అదే లెక్క అరవై అయిదుకి వేస్తే 2.9 కిలోవాట్లు వస్తుంది. గొలుసులో పోయే నష్టాన్ని కలుపుకుంటే ఇంజను దగ్గర ఉన్నదంతా అయిపోయినట్టే. ఈ బండి అరవై అయిదు దగ్గర ఆగిపోవడానికి కారణం అదే. ఎనభైలో పోవాలంటే దాదాపు అయిదు కిలోవాట్లు కావాలి, దానికి ఇంకో ఇంజను కావాలి, ఆ ఇంజనుకు తగ్గ బ్రేకులు, చట్రం, టైర్లు కావాలి, వాటి బరువును మోయడానికి మళ్లీ ఇంకాస్త శక్తి కావాలి. వేగం మీద ఆశ వదులుకున్న చోట ఈ గొలుసు తెగుతుంది. చవకదనం, గట్టిదనం, సాదాతనం మూడూ ఆ ఒక్క నిర్ణయంలోంచే పుట్టాయి. ఊరి నుంచి మార్కెట్‌కు పది, పదిహేను కిలోమీటర్లు పోయేవాడికి అరవై అయిదుకీ ఎనభైకీ మధ్య మిగిలే సమయం రెండు మూడు నిమిషాలు. ఆ రెండు మూడు నిమిషాల కోసం పెట్టే ఖర్చు ఎంతో రూపకర్తలు ముందే లెక్కగట్టారు.

ఇంజను లోపల కూడా ఇదే వివేకం ఉంది. పిస్టన్ పైకీ కిందికీ పరిగెత్తుతూ ప్రతి చివరా ఆగి వెనక్కి తిరగాలి. ఆ ఆపడంలో, తిప్పడంలో కనెక్టింగ్ రాడ్డు మీద, బేరింగుల మీద పడే జడత్వ బలం ఇంజను తిరిగే వేగం వర్గంతో పెరుగుతుంది. కుర్రకారు ఇష్టపడే 200 సీసీ బండి నిమిషానికి పది వేల చుట్ల దగ్గర తన పూర్తి శక్తినిస్తుంది. ఎక్సెల్ ఆరు వేల దగ్గరే ఇచ్చేస్తుంది, దాని గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 6.5 న్యూటన్ మీటర్లయితే 3500 చుట్ల దగ్గరే వచ్చేస్తుంది. ఆరు వేలకూ పది వేలకూ మధ్య జడత్వ బలం, పిస్టన్ బరువూ స్ట్రోకూ అవే అయినా, దాదాపు మూడింతలు పెరుగుతుంది. మెల్లగా తిరిగే ఇంజనులో లోహం తన సత్తాలో కొంత భాగమే వాడుకుంటుంది. మిగిలిన భాగం ఏళ్లుగా మిగులుతుంది. పాతకాలం చెరకు గానుగల దగ్గర, బావుల దగ్గర బరువైన చక్రంతో డుగుడుగుమంటూ నిదానంగా తిరిగిన ఆయిల్ ఇంజన్లు తండ్రి నుంచి కొడుకుకి ఆస్తిగా రావడానికి వెనక ఉన్న సూత్రమూ ఇదే.

చల్లబరచడం కూడా చిన్న ఇంజనుకు సులువు. ఏ వస్తువునైనా కొలతల్లో సగం చేస్తే దాని ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఉపరితలం మాత్రం నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. వేడి పుట్టేది లోపలి ఘనపరిమాణంలో, బయటికి పోయేది ఉపరితలం మీదుగా. అందుకే చిన్న సిలిండరుకు చుట్టూ నాలుగు రెక్కలు పెట్టి గాలికి వదిలేస్తే సరిపోతుంది. రేడియేటరు, నీళ్ల పంపు, రబ్బరు గొట్టాలు, థర్మోస్టాట్ ఏవీ అక్కర్లేదు. లేని గొట్టం కారదు.

గేరు లేని గేరు

ఎక్సెల్‌కు ఎడమ చేతి దగ్గర క్లచ్ ఉండదు, ఎడమ కాలి దగ్గర గేరు ఉండదు. ఆ పనంతా ఇంజను పక్కన కూర్చున్న అపకేంద్ర క్లచ్ చేస్తుంది. నూకాలమ్మ జాతరలో రంగులరాట్నం వేగం అందుకుంటే వేలాడే కుర్చీలు బయటికి విచ్చుకుంటాయి కదా, క్లచ్‌లో ఉండే చిన్న బరువు దిమ్మలు కూడా ఇంజను తిరిగేకొద్దీ అలాగే బయటికి జరుగుతాయి. నిదానంగా తిరిగినంతసేపూ స్ప్రింగులు వాటిని లోపలికి లాగి పట్టుకుంటాయి, బండి కదలదు. ఎక్సలేటర్ తిప్పగానే దిమ్మలు బయటి డోలును ఒరుసుకుంటాయి, ఆ ఒరిపిడితో చక్రానికి శక్తి అందుతుంది. ఇక్కడా వేగం వర్గమే పని చేస్తోంది. చుట్లు రెండింతలైతే పట్టు నాలుగింతలు. అందుకే క్లచ్ మొదట మెల్లగా జారుతూ పట్టి, తర్వాత గట్టిగా బిగుస్తుంది. బరువుతో బయలుదేరేటప్పుడు గొలుసు మీద కుదుపు పడదు.

ఈ ఏర్పాటు లోకానికి పెద్దగా పరిచయమైంది హోండా సూపర్ కబ్‌తో. 1958లో జపాన్‌లో ఆ బండి వచ్చినప్పుడు, నూడిల్స్ పళ్లేలను ఒక చేత్తో పట్టుకుని హోటలు కుర్రాడు ఇంకో చేత్తో నడపగలగాలన్నది దాని రూపకర్తల ఆలోచన. దానికి మూడు గేర్లున్నాయి గానీ చేతి క్లచ్ లేదు. 2017 నాటికి కబ్ కుటుంబంలో పది కోట్ల బళ్లు తయారయ్యాయి. మోటారు వాహనాల చరిత్రలో ఇంకే నమూనా ఆ సంఖ్య దగ్గరికి రాలేదు. ఫ్రాన్స్‌లో అంతకు ముందే సిట్రోయెన్ కంపెనీ అధిపతి పియెర్ బూలాంజే ఒక పల్లెటూరి కారు కోసం తన ఇంజనీర్లకు షరతు పెట్టాడు: చెక్కబూట్ల రైతులు ఇద్దరూ, యాభై కిలోల బంగాళదుంపలూ పట్టాలి, దున్నిన పొలంలో పోయినా బుట్టలో కోడిగుడ్డు పగలకూడదు. 1948లో బయటికొచ్చిన టూ-సీవీ కారు ఆ షరతులోంచి పుట్టింది. బంగాళదుంపల చోట వరి బస్తా పెడితే మన మోపెడ్ షరతు అదే అవుతుంది.

మన దగ్గర మోపెడ్ కథ 1972లో పుణె నుంచి కైనెటిక్ ఇంజనీరింగ్ తెచ్చిన లూనాతో ఊపందుకుంది. పెడళ్లు తొక్కి స్టార్ట్ చేసే ఒంటరి బండి అది. 1980లో తమిళనాడులోని హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50 ఇద్దరు ఎక్కగల తొలి భారతీయ మోపెడ్. వెనక మనిషి కోసం వేసిన ఆ బలమైన క్యారేజీయే పల్లెల్లో సరుకుల అరుగైంది. రూపకర్తలు మనుషుల కోసం ఆలోచిస్తే రైతులు దాన్ని బస్తాలకు వాడుకున్నారు. తర్వాత కంపెనీ కూడా రైతుల దారికే వచ్చింది. ఇవాళ ఎక్సెల్ వెనక సీటు విప్పి పక్కన పెట్టేయొచ్చు, కాళ్ల ముందు చదునుగా ఖాళీ ఉంటుంది.

ఆ కాళ్ల ముందు ఖాళీ చాలా తెలివైన చోటు. బండి రెండు చక్రాల మధ్య దూరం 1,228 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు దాటి ముప్పై సెంటీమీటర్ల అవతల అరవై కిలోల మూట కడితే, తులాదండ సూత్రం ప్రకారం ముందు చక్రం మీదున్న బరువులో దాదాపు పదిహేను కిలోలు తేలిపోతాయి. హ్యాండిల్ తేలికవుతుంది, గుంటలో పడితే బండి తల ఊపుతుంది. అదే మూట కాళ్ల ముందు ఉంటే రెండు చక్రాల మధ్యే, అదీ నేలకు దగ్గరగా కూర్చుంటుంది. వెనక గడ్డిమోపు కట్టినవాడు ముందు ఒక తవుడు బస్తా పెట్టుకోవడం కేవలం చోటు కలిసొస్తుందని కాదు. ఆ బరువు ఎక్కడుంటే బండి మాట వింటుందో అతని చేతులకు తెలుసు.

చక్రం సంగతీ చెప్పాలి. ఎక్సెల్ రిమ్ము పదహారు అంగుళాలు, పాత స్కూటర్లది పది అంగుళాలు. ముప్పై సెంటీమీటర్ల వెడల్పు గుంట మీదుగా పోయేటప్పుడు పెద్ద చక్రం నాలుగున్నర సెంటీమీటర్లు దిగుతుంది, చిన్నది ఆరు సెంటీమీటర్లు. తేడా సెంటీమీటరున్నరే. కానీ దిగిన చక్రం గుంట అవతలి అంచును ఢీకొట్టే కోణం కూడా చిన్న చక్రానికి ఎక్కువ నిటారుగా ఉంటుంది, ఆ దెబ్బ నడుముకు చేరుతుంది. వానాకాలంలో శారదా నది పక్క ఊళ్ల రోడ్లమీద ఏడాదికి కొన్ని వేల గుంటలు దాటేవాడికి ఇది చిన్న విషయం కాదు. పైగా ఆ రిమ్ములో ఊచలుంటాయి. ప్రతి ఊచా బిగువుగా లాగి కట్టిన తీగ. రిమ్ము కాస్త వంగితే ఒకవైపు ఊచలు బిగించి, ఇంకోవైపు వదులు చేసి బెండు తీసేస్తారు. ఊచ విరిగితే ఊచ మారుస్తారు. పోత అల్యూమినియం చక్రం పగుళ్లిస్తే మొత్తం చక్రం మార్చాల్సిందే.

ఘాట్ రోడ్డు దగ్గర హద్దు

ఇష్టమైన వస్తువు గురించి రాసేటప్పుడు దాని హద్దులు చెప్పకపోతే అది ప్రకటన అవుతుంది. ఎక్సెల్‌కు ఒకటే గేరు. లెక్క కోసం ఇంజను పది చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. 6.5 న్యూటన్ మీటర్ల టార్క్ చక్రం దగ్గర అరవై అయిదవుతుంది. నష్టాలు పోగా రోడ్డును నెట్టే బలం సుమారు 220 న్యూటన్లు. ఇంతకు మించి ఆ ఇంజను ఎంత అరిచినా రాదు. 216 కిలోల నిండు బండి, వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు లేచే ఎత్తు ఎక్కడానికి 211 న్యూటన్లు కావాలి. సరిగ్గా అంచు మీద ఎక్కేస్తుంది. ఇంకో నలభై కిలోలు అదనంగా వేసి చూడండి: 250 న్యూటన్లు కావాలి. బండి ఆగిపోతుంది, క్లచ్ జారుతూ వేడెక్కుతుంది, కాలిన వాసనొస్తుంది. కంపెనీ రాసిన 130 కిలోలు ఊరికే రాసిన అంకె కాదని ఈ లెక్క చెబుతుంది.

అందుకే మైదానంలో రాజ్యమేలే ఎక్సెల్ మాడుగుల దాటి పాడేరు ఘాట్ మొదలయ్యేసరికి తడబడుతుంది. అక్కడి నుంచి నాలుగు గేర్ల హండ్రెడ్ సీసీ బండి రాజ్యం. 1985లో హీరో హోండా సీడీ 100తో మన దేశానికొచ్చిన 97.2 సీసీ ఇంజను, ఆ తర్వాత స్ప్లెండర్‌లో ఊరూరా పాతుకుపోయింది. వంశవృక్షంలో అది కూడా సూపర్ కబ్ ఇంజనుకు వారసురాలే. మొదటి గేరులో అదే చిన్న టార్క్‌ను ఎక్సెల్ ఒంటి గేరుకంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా పెంచి చక్రానికి అందిస్తుంది. నిదానంగానైనా ఎక్కుతుంది. గేరుబాక్సు అనే అదనపు సంక్లిష్టత అక్కడ తన ఖర్చు తానే రాబట్టుకుంటుంది. సాదాతనం అంటే అన్నీ తీసేయడమని నేను అనుకోను. పోయే దారికి ఏది అవసరమో అది ఉంచడం.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. పాడేరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. నిండు బండి అక్కడి నుంచి ఏడు వందల మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి పదిహేను లక్షల జౌళ్ల దాకా ఉంటుంది. అయిదు లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోయే వేడి. అందులో కొంత గాలికి, టైర్లకు పోతుంది, గేర్ల బండయితే మరికొంత ఇంజనే తాగేస్తుంది. అపకేంద్ర క్లచ్ బండి చాలా నిదానంగా దిగుతున్నప్పుడు దిమ్మలు పట్టు వదిలేస్తాయి, ఇంజను ఆపు ఉండదు. భారమంతా 110 మిల్లీమీటర్ల రెండు డ్రమ్ బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ బ్రేకు మైదానంలో చాలా మంచి వస్తువు. మూత లోపల ఉంటుంది కాబట్టి బురద, ఇసుక త్వరగా చేరవు, ఒక కేబులు, రెండు లైనర్లు, రెండు స్ప్రింగులు, అంతే. తిరిగే డోలు ముందు లైనరును తనవైపే లాక్కుంటుంది కాబట్టి తక్కువ నొక్కుడుకే బాగా పడుతుంది. కానీ ఆ మూతే వేడిని కూడా లోపల బిగబట్టేస్తుంది. వేడెక్కిన లైనరు ఒరిపిడి తగ్గుతుంది. ఘాట్‌లో మధ్యమధ్యలో ఆగి బ్రేకులు చల్లారనివ్వడం పిరికితనం కాదు, భౌతికశాస్త్రం.

షెడ్డు ఎంత దూరంలో ఉంది?

నా దృష్టిలో ఈ బండి అసలు ఆకర్షణ ధరలోనూ లేదు, మైలేజీలోనూ లేదు. అది పాడైన తర్వాత ఎంతసేపట్లో, ఎంత దగ్గర్లో, ఎవరి చేత బాగవుతుందన్న దాంట్లో ఉంది.

జర్మన్ ఇంజనీరు రాబర్ట్ లూసర్ పేరుతో ఒక సూత్రం ఉంది. ఒక యంత్రంలో ఏ ఒక్క భాగం ఆగినా యంత్రమే ఆగిపోయేట్టుంటే, మొత్తం యంత్రం నిలబడే అవకాశం ఆ భాగాలన్నిటి అవకాశాల లబ్ధం. ఒక్కో భాగం ఏడాది పొడవునా చెడిపోకుండా ఉండే అవకాశం నూటికి తొంభై తొమ్మిది అనుకోండి. చాలా మంచి భాగాలే. అలాంటివి ఇరవై ఉంటే యంత్రం ఏడాది నిలిచే అవకాశం 82 శాతం. వంద ఉంటే 37 శాతమే. భాగాలు చెడ్డవై కాదు, ఎక్కువై. ఖరీదైన కంపెనీలు ఒక్కో భాగాన్నీ ఇంకా ఇంకా నిక్కచ్చిగా చేసి ఈ లెక్కను ఎదిరిస్తాయి. చవక బండి ఇంకో దారి పట్టింది, భాగాలే తగ్గించుకుంది.

అయితే ఇది కథలో సగమే. రెండు బళ్లు ఊహించుకోండి. ఒకటి రెండు నెలలకోసారి మొరాయిస్తుంది, కానీ ఊరి సెంటరులో షెడ్డుంది, రెండు గంటల్లో కదులుతుంది. ఇంకోటి ఏడాదికి ఒక్కసారే ఆగుతుంది, కానీ పార్టు విశాఖపట్నం నుంచో చెన్నై నుంచో రావాలి, ఆరు రోజులు పడుతుంది. మొదటిదానివి ఏడాదికి పన్నెండు గంటలు పోయాయి. రెండోదానివి ఆరు రోజులు. నాణ్యతలో రెండోది గొప్పది. పాలు పోసేవాడికి మొదటిదే గొప్పది. గేదె ఆరు రోజులు ఆగదు. ఇంజనీరింగులో దీన్ని అందుబాటు అంటారు. ఎంతకాలం నడిచింది, ఎంతసేపు ఆగింది అన్న రెండింటినీ కలిపి చూసే కొలమానం అది. బండి బ్రోచర్లలో మైలేజీ ఉంటుంది, పికప్ ఉంటుంది, ఈ అంకె మాత్రం ఎక్కడా ఉండదు. పల్లెటూరివాడు మాత్రం కొనేముందు సరిగ్గా దీన్నే అడుగుతాడు: పార్టులు దొరుకుతాయా, మన మెకానిక్‌కి తెలుసా?

షెడ్డులో ఉండేది పెద్ద సరంజామా కాదు. నాలుగు సైజుల స్పానర్లు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, సుత్తి, కటింగ్ ప్లేయరు, ఉప్పుకాగితం, ఒక డబ్బాలో పెట్రోలు. ప్లగ్గు మసి పడితే ఉప్పుకాగితంతో రుద్దుతారు. కార్బరేటరు జెట్‌లో నలక చేరితే విప్పి ఊది కడుగుతారు. గొలుసు సాగితే లింకు తీసేస్తారు. ఇంజను పొగ కక్కడం మొదలుపెడితే బోరు చేయించి కొత్త పిస్టన్, రింగులు వేస్తారు. తెగిన ఎక్సలేటర్ కేబులును అప్పటికి ముడేసి ఇంటికి చేర్చేవాళ్లను ఎవరు చూడలేదు! ఈ పనుల్లో ప్రతిదాంట్లో కళ్లు చూడగలిగేది, చెవి వినగలిగేది, వేలు తాకగలిగేది ఏదో ఒకటి ఉంది. రోగం తనంతట తానే కనబడుతుంది. సాదా యంత్రంలో నాకు అన్నిటికంటే నచ్చే గుణం అదే: అది తన లోపాన్ని దాచుకోదు. పదో తరగతి దాటని కుర్రాడు మూడేళ్లు షెడ్డులో ఉంటే కార్యకారణ సంబంధాలు పట్టుకోవడం నేర్చుకుంటాడు. ఆ నేర్పు తర్వాత బోరు మోటారుకీ, పవర్ టిల్లరుకీ, వరి కోత మిషనుకీ పనికొస్తుంది. ఒక తాలూకాలో వ్యవసాయం ఆగకుండా నడవడం వెనక ఈ చదువు ఉంది, దానికి సర్టిఫికెట్ లేదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖ జిల్లాను తాకినప్పుడు కరెంటు రోజులతరబడి పోయింది, చెట్లు రోడ్లకు అడ్డం పడ్డాయి. అలాంటి వేళల్లో ఏ బండి పనికొస్తుందో యంత్ర నిర్మాణమే చెబుతుంది. మాగ్నెటో తిరిగితే చాలు స్పార్కు పుట్టే పాత తరం మోపెడ్‌కు బ్యాటరీ చచ్చినా ఒక తొక్కుతో ప్రాణం వస్తుంది. ఎనభై ఆరు కిలోల బండిని ఇద్దరు మనుషులు ఎత్తి పడిపోయిన మాను అవతల పెట్టగలరు.

పొగ లెక్క

పాత టీవీఎస్ ఫిఫ్టీ, దాని తర్వాతి ఎక్సెల్ సూపర్ టూ-స్ట్రోక్ బళ్లు. సాదాతనంలో ఆ ఇంజనును మించింది లేదు. వాల్వులు లేవు, కామ్ లేదు. పిస్టన్ పైకి పోతూ కింద ఉన్న క్రాంక్ గదిలోకి పెట్రోలు గాలిని పీలుస్తుంది, కిందికి వస్తూ దాన్నే నొక్కి పక్క రంధ్రాల గుండా పైకి పంపిస్తుంది. పిస్టన్ ఒక్కటే పంపు, వాల్వు, శక్తి ఇచ్చే అవయవం కూడా. ప్రతి చుట్టుకూ ఒక పేలుడు, కాబట్టి చిన్న ఇంజనులోనే మంచి లాగుడు. కానీ కొత్త మిశ్రమం లోపలికొచ్చే క్షణంలోనే కాలిన పొగ బయటికి పోయే రంధ్రం కూడా తెరిచే ఉంటుంది. లోపలికొచ్చిన పెట్రోలులో గణనీయమైన భాగం కాలకుండానే బయటికి జారిపోతుంది. దానితోపాటు పెట్రోలులో కలిపిన టూ-టీ ఆయిలు నీలిపొగై పోతుంది. ఆ పొగ పీల్చింది వెనక కూర్చున్న బడిపిల్లలే. 2015లో ఫోర్-స్ట్రోక్ ఎక్సెల్ 100 వచ్చింది. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4 పొగ ప్రమాణాలు దేశమంతా అమలయ్యాక టూ-స్ట్రోక్ మోపెడ్‌ల కాలం ముగిసింది. ఆ చప్పుడంటే ఇష్టమున్నవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. అయినా ఆ నిర్ణయం సరైనదే. పక్కవాడి ఊపిరితిత్తుల మీద నిలబడ్డ చవకదనం లెక్కకు రాదు.

2020లో బీఎస్-6తో వచ్చిన మార్పు ఇంకాస్త చిక్కైనది. కార్బరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఎంత గాలి వస్తోంది, ఇంజను ఎంత వేడిగా ఉంది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది అని సెన్సర్లు చెబితే చిన్న కంప్యూటరు పెట్రోలును లెక్కగట్టి చల్లుతుంది. పొగ తగ్గింది, పొద్దున్నే స్టార్టింగు సులువైంది. ఇంజెక్టరులో కదిలే భాగాలు కూడా తక్కువే, అది తరచుగా పాడయ్యే వస్తువు కాదు. కానీ పాడైతే ఉప్పుకాగితం పనిచెయ్యదు. డాష్‌బోర్డు మీద ఒక చిన్న పసుపు దీపం వెలుగుతుంది, అది ఎందుకు వెలిగిందో తెలుసుకోవడానికి స్కానరు కావాలి, ఆ స్కానరు చెప్పే కోడుకు అర్థం తెలియాలి. రోగం కంటి నుంచి కోడులోకి వెళ్లిపోయింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించి, వాహనాలను, వ్యవసాయ యంత్రాలను కూడా అందులో చేర్చింది. అది ఎంతవరకు ఉపయోగపడుతుందన్నది ఊరి షెడ్డుదాకా ఎంత సమాచారం చేరుతుందన్న దాన్నిబట్టే ఉంటుంది.

ఇప్పుడు కరెంటు మోపెడ్ వంతు. లూనా పేరు 2024 ఫిబ్రవరిలో ఈ-లూనాగా మళ్లీ రోడ్డెక్కింది. 2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, పదహారు అంగుళాల ఊచల చక్రాలు, 150 కిలోల మోత. లెక్క వేసి చూద్దాం. లీటరు పెట్రోలులో దాదాపు 33 మెగాజౌళ్ల శక్తి ఉన్నా, చిన్న ఇంజను అందులో నూటికి పదిహేను వంతులే చక్రానికి చేర్చగలదు, అంటే అయిదు మెగాజౌళ్లు. మనం మొదట వేసిన 86 న్యూటన్ల నిరోధం మీద ఆ అయిదింటిని ఖర్చుపెడితే 58 కిలోమీటర్లు వస్తుంది. ఎక్సెల్ వాడేవాళ్లు చెప్పే మైలేజీ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. రెండు కిలోవాట్ అవర్లంటే 7.2 మెగాజౌళ్లు, మోటారు అందులో ఎనభై శాతం చక్రానికి ఇస్తుందనుకున్నా 5.8. అంటే ఆ బ్యాటరీ లీటరు పైచిలుకు పెట్రోలుతో సమానం. నిండు బరువుతో డెబ్భై కిలోమీటర్ల దాకా పోవచ్చు. మార్కెట్‌కు వెళ్లి రావడానికి, రెండు పూటలా పాలు వేయడానికి అది సరిపోతుంది. ఎలక్ట్రిక్ మోటారుకు కదలకముందు నుంచే నిండు టార్క్ ఉంటుంది కాబట్టి బస్తాతో బయలుదేరడంలో దానికి తిరుగులేదు. క్లచ్ లేదు, వాల్వులు లేవు, ఇంజన్ ఆయిలు లేదు. భాగాల లెక్కలో ఇది టూ-స్ట్రోక్ కంటే కూడా సాదాది.

షెడ్డు లెక్కలో మాత్రం ఇంకా తేలలేదు. మోటారు, కంట్రోలరు, బ్యాటరీ మూడూ మూత బిగించిన పెట్టెలు. బ్యాటరీలో ఒక్క సెల్ బలహీనపడితే పెట్టె మొత్తం మార్చమంటే అది బండి ధరలో పెద్ద ముక్క. అదే పెట్టెను విప్పి, సెల్ వోల్టేజీలు కొలిచి, చెడ్డదాన్ని వేరుచేసే పని జాగ్రత్తలు తెలిసినవాడికి అసాధ్యం కాదు. మల్టీమీటరు పట్టుకోవడం తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్లు ప్రతి చిన్న పట్నంలోనూ ఉన్నారు. 2022లో కొత్తగా జిల్లా కేంద్రమైన అనకాపల్లి పరిసరాల్లో ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పల్లెకోసం కరెంటు మోపెడ్ చేసే ఏ కంపెనీ అయినా దాని వైరింగు పటాన్ని, ఎర్రర్ కోడుల అర్థాలను, బ్యాటరీ విప్పేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలను తెలుగులో అచ్చువేసి షెడ్డు గోడకు అంటించుకునేలా ఇవ్వాలి. విడి సెల్‌లు, కంట్రోలరు బోర్డులు స్పేర్ పార్టుల కొట్లో పిస్టన్ రింగులు దొరికినంత సులువుగా దొరకాలి. వాహనాలకు పొగ పరీక్ష తప్పనిసరి చేసినట్టే, ఈ కాగితాన్ని కూడా ప్రభుత్వం తప్పనిసరి చెయ్యవచ్చు.